ఇరవై నాలుగు అంగుళాలు

"నా నాల్కాలి యాడరా?"

గురువారం పొద్దున ఆరు గంటలకు జానకమ్మాళ్ వేసిన కేకకి పోకతోటలో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి.

డెబ్బై ఆరేళ్ళ మనిషి. పొద్దునా సాయంత్రం రోడ్డు పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బస్సు చూడడం ఆవిడ ఉద్యోగం. బస్సు ఆగిపోయి వారమైంది. ఆవిడ మాత్రం ఉద్యోగం మానలేదు.

ఇప్పుడు ఆ నాల్కాలి, అదే కుర్చీ, లేదు. కుర్చీ ఉండే చోటు కూడా లేదు.

చిన్న కోడలు నాచ్చియార్ మెడలో ఇంచి టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. తారు అంచున బోర్లా పడుకుని కిందికి తొంగి చూసింది. నలభై అడుగుల కింద, భవాని నది ఇసుకలో, ఎర్ర కుర్చీ నాలుగు కాళ్ళ మీదా చక్కగా నిలబడి ఉంది.

"పడలేదు అత్తా. దిగిపోయి కూర్చుండాది."

"దానికున్న బుద్ధి నా కొడుకులకి లేకపోయె," అంది జానకమ్మాళ్.

నాచ్చియార్ టేపు పరిచింది. తారు అంచు నుంచి ఒడ్డు అంచు దాకా. నిన్న ముప్ఫై నాలుగు అంగుళాలు. ఇవాళ ముప్ఫై ఒకటి.

వెనక జీపు ఆగింది. రోడ్ల శాఖ ఇంజనీరు హరిహరన్ దిగాడు. ఇరవై ఆరేళ్ళ తమిళ కుర్రాడు. తెలుగు రాదు. కానీ మూడు వారాలుగా ఈ ఇంటి కాఫీ తాగుతున్నాడు కాబట్టి తిట్ల వరకూ అర్థమవుతుంది.

జీపు వెనక ఎరుపూ తెలుపూ పట్టెలున్న ఇనుప అడ్డుకంచె ఉంది. నాచ్చియార్ దాన్నే చూసింది.

"ఏమి తమ్ముడూ, పెండ్లికి పందిరి తెచ్చినట్టు తెచ్చినావే?"

"ఆర్డరు వచ్చింది అక్కా." అతను తమిళంలో, నేలచూపులు చూస్తూ అన్నాడు. "ఇరవై నాలుగు అంగుళాలు. ఒక్క అంగుళం తగ్గినా రోడ్డు మూసెయ్యాలి. మనుషులు నడవొచ్చు. బండ్లు పోకూడదు."

"గోడ కడతామంటివే?"

"మంజూరైంది. నది అంచున తీగవలల్లో రాళ్ళు నింపి పేరుస్తాం. టెండరూ అదీ రెండు నెలలు పడుతుంది."

"నాకు రెండు నెలలు వద్దు. సోమవారం పది గంటల దాకా చాలు."

సోమవారం పది గంటలకు తిరుప్పూరు నుంచి వ్యాను రావాలి. నాచ్చియార్ షెడ్డులో పద్దెనిమిది మిషన్లున్నాయి, పద్దెనిమిది మంది ఆడవాళ్ళున్నారు. నాలుగు వేల చిన్నపిల్లల బనీన్లు కుట్టి, మడిచి, పెట్టెల్లో సర్దారు. వ్యాను అవి తీసుకుని కొత్త కటింగ్ మూటలు దింపి పోవాలి. కంపెనీ మేనేజరు సెంథిల్ నిన్ననే ఫోన్లో తేల్చి చెప్పాడు. "వ్యాను పోయే దోవుంటే మీకక్కా. లేదంటే వచ్చే వారం నుంచి వేరే ఊరికి."

సెంగరై ఊరికి ఈ ఒడ్డు రోడ్డు తప్ప వేరే దోవ లేదు.

రోజుకి మూడు అంగుళాలు. రేపు ఇరవై ఎనిమిది. ఎల్లుండి ఇరవై ఐదు. ఆదివారం ఇరవై రెండు.

నాచ్చియార్ వేళ్ళు మడిచి లెక్క పెట్టింది. ఒక్క రోజు తక్కువ పడింది.

*

"రోడ్డుని పది అడుగులు లోపలికి జరిపితే?" హరిహరన్ అడగకూడని ప్రశ్న అడిగాడు.

రోడ్డుకి లోపలి పక్క ఏముందో అతనికి తెలుసు. ఎడమ సగం జగన్నాథ పోకతోట. కుడి సగం పెరుమాళ్‌సామి పోకతోట. నడుమ రాతికంబాలు పాతిన ముళ్ళకంచె. అన్నదమ్ములు తోటలు పంచుకుని తొమ్మిదేళ్ళయింది. మాటలు మానేసీ తొమ్మిదేళ్ళే.

ఇద్దరూ అక్కడికి వచ్చేశారు. అరుపు వినిపించి ఒకరు, ఆ ఒకరు వచ్చారని ఇంకొకరు. తల్లికి చెరో పక్కన నిలబడ్డారు.

"మా, ఆయనకి చెప్పు," అన్నాడు తమ్ముడు పెరుమాళ్‌సామి. "పది అడుగులు కావాలంటే ఆయన పక్క తీసుకోమని. ఆ పక్క చెట్లు సుమ్మా నిలబడుండాయి, కాయలే లేవు."

"మా, వాడికి చెప్పు," అన్నాడు జగన్నాథ. "కాయలు లెక్కపెట్టేకి నా తోటలోకి ఎప్పుడు దూరినాడో అడుగు."

"కంచె మీద నుంచి కనిపిస్తాది అని చెప్పు."

"అంత పొడుగు వాడు కాడు అని చెప్పు."

"నేనేమి టెలిఫోన్‌నా?" జానకమ్మాళ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నా నాల్కాలి పోయిండాది. ముందు అది తెచ్చియ్యండి. తరువాత కాయలు లెక్కపెట్టుకుందురు."

నాచ్చియార్ మధ్యలోకి వచ్చింది. "ముందర బండిదారి ఉండేది కదా? మామ కాలంలో తోట నడుమ నుంచే మేటి రోడ్డుకి పోతావుండిరి."

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ఆకాశంలోకి చూశారు.

బండిదారి ఉండేది, తోట వెనక మెట్ట మీది పెద్ద రోడ్డు దాకా. పంపకాల రోజున దాని నట్టనడుమ కంచె పడింది. ఇటు నాలుగు అడుగులు తమ్ముడికి, అటు నాలుగు అడుగులు అన్నకి. మోపెడ్డు కూడా తిరగని రెండు సందులు మిగిలాయి.

"అమ్మణీ," జగన్నాథ మరదలితో మెత్తగా అన్నాడు. ఆవిడతో ఆయనకి తగాదా లేదు. "ఆ కంచె మాట ఎత్తొద్దమ్మా. నది తిని పోయేదానికి మనమేమి చేసేది?"

మొట్టమొదటిసారి పెరుమాళ్‌సామి అన్నగారి మాటకి తలూపాడు. ఊపిన సంగతి గుర్తొచ్చి మెడ గోక్కున్నాడు.

నది తినేస్తోంది. ఊరంతా అనే మాట అదే. నాచ్చియార్ కిందికి చూసింది. మాసి నెల, ఎండలు మొదలయ్యే రోజులు. భవాని ఆ చివర ఎక్కడో, చీర అంచు వెడల్పున, ఎండలో మెరుస్తోంది. ఒడ్డు పాదానికీ నీళ్ళకీ మధ్య అరవై అడుగుల ఇసుక ఉంది.

అంత దూరం నుంచి నది ఎట్లా తింటాది?

*

షెడ్డులో మిషన్లు ఒకదాని వెనక ఒకటి మొదలయ్యాయి. నాచ్చియార్ బల్ల దగ్గర కూర్చుని కటింగ్ చార్టు వెనక్కి తిప్పింది.

మూడు వారాలుగా రోజూ పొద్దున టేపు పెట్టి కొలిచి, ఎన్ని అంగుళాలు విరిగిందో అక్కడే రాస్తోంది. కుట్టుపని చార్టులాగే గళ్ళు గీసింది. వరుసకి ఏడు గళ్ళు, వారానికో వరుస.

మూడు. రెండున్నర. మూడున్నర. రెండు. మూడు.

పక్క మిషను మీది కృత్తిక తొంగి చూసింది. నోరు ఊరుకోని పిల్ల. "ఏమక్కా, ఆదివారం ఆదివారం గట్టుకి కూడా లీవు ఇచ్చినావా?"

"ఏమంటివి?"

"ఇదో, చూడక్కా. ఆదివారం గడి అంతా సున్నాయే."

నాచ్చియార్ చూసింది. నిజమే. మూడు వరుసల్లోనూ ఆదివారం గడిలో సున్న. ఒకదాని కింద ఒకటి, చొక్కాకి కుట్టిన గుండీల్లాగా.

ఆదివారం పొద్దున కొలిచేది శనివారం విరిగినదాన్ని. శనివారం ఒడ్డు విరగడం లేదు.

శనివారం ఈ ఇంట్లో ఏమి జరగదు?

"కృత్తికా, మిషను ఆపు." ఆవిడ లేచి నిలబడింది. "శనివారం పెరుమాళ్ళది!"

ఆ ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలిసిన నియమం అది. శనివారం పెరుమాళ్ళ రోజు. ఆ రోజు బావి మోటారు వెయ్యరు, తోటకి నీళ్ళు కట్టరు. మామగారు పెట్టింది. తక్కిన ఆరు రోజులూ ఉన్న ఒక్క బావినీ ఇద్దరు కొడుకులకి వంతులు వేసి పోయాడు. ఆరింటి నుంచి పన్నెండు దాకా పెద్దవాడిది. పన్నెండు నుంచి ఆరు దాకా చిన్నవాడిది. నీళ్ళు వృథా కాకూడదని పంపకాల కాగితంలో ఇంకో ముక్క కూడా రాయించాడు: ఎవరైనా మూడు వంతులు వరసగా వాడుకోకపోతే అవి రెండోవాడికి చెందుతాయి.

మంచికే రాయించాడు పాపం. ఆ రోజు నుంచి ఇద్దరు కొడుకులూ ఒక్క వంతు వదల్లేదు. వాన పడే రోజు కూడా గొడుగు పట్టుకుని పోయి మోటారు వేశారు. వ్యవసాయానికి కరెంటు ఉచితం. చెట్టుకి కావాలా అని ఎవరూ అడగలేదు. వదిలితే అవతలివాడికి పోతుంది, అంతే.

నాచ్చియార్ హరిహరన్‌ని వెంటబెట్టుకుని చాకిరేవు మెట్ల మీదుగా ఇసుకలోకి దిగింది. కింద నుంచి ఒడ్డు నిట్టనిలువు ఎర్రగోడలా ఉంది. పైన తారు గీత. దాని కింద రెండు నిలువుల లోతున నల్లటి తడిమచ్చ. మచ్చ నడుమ కొబ్బరికాయ పట్టేంత కన్నం. అందులో నుంచి బురదనీళ్ళు మెల్లగా జారుతున్నాయి.

చూస్తుండగానే ఒక మట్టిపెళ్ళ ఊడి, కుర్చీకి మూరెడు దూరంలో పడింది.

హరిహరన్ చేతిలోని ప్లాను మడిచాడు. విప్పాడు. మళ్ళీ మడిచాడు.

"నది కాదక్కా," అన్నాడు చివరికి. "నీళ్ళు వెనక నుంచి వస్తున్నాయి. తోటలో పారించిందంతా ఎలుకబొరియల్లో దిగి ఇటు దూరుతోంది. లోపల మట్టి కరుగుతోంది, పైన గట్టు కూలుతోంది."

"అయితే నీ గోడ?"

"నేను గోడ కింద గీశాను. జబ్బు పైన ఉంది."

"భుజం చినిగితే అంచు కుడితే ఎట్లా తమ్ముడూ? పద, కాఫీ తాగుదువు. నీళ్ళు ఆపితే గట్టు ఆగుతాదా?"

"శనివారాలు ఆగుతోంది కదా."

*

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు.

పెరుమాళ్‌సామి రాగి కళి ముద్దని గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు. తినడం లేదు. పన్నెండు దాటింది. తోటలో అతని వంతు నీళ్ళు పారుతున్న చప్పుడు కిటికీలో నుంచి వినిపిస్తోంది.

"ఏనుంగ," అంది నాచ్చియార్ మొగుడితో. "నాలుగు రోజులు మోటారు వెయ్యకండి."

"నాలుగు రోజులు!" ముద్ద పళ్ళెంలో పడింది. "మూడు మురైలు వదిలితే నీళ్ళు ఆయనకి పోతాది. కాగితంలో ఉండాది. తెలిసే చెప్తాండావా?"

"ఆయన కూడా వెయ్యడు."

"ఎవురు, మా అన్ననా? ఆయన వంతు వదిలేదా? తుమ్మొచ్చినా ఆపుకునే మనిషి, మోటారు ఆపుతాడా?"

"నా పద్దెనిమిది మిషన్లు ఆగిపోతాది."

అతను తల వంచుకున్నాడు. ఆ షెడ్డుకి పైకప్పు వేసింది అతనే. రేకులు మోసింది అతనే. కాసేపటికి గొణిగాడు. "అయినా నా నీళ్ళు కాదే. నేను చెట్టు పాదం తడిపి ఆపుతాను. ఆయన పక్కనే మడుగు కట్టి ఉండాది."

నాచ్చియార్ కంచె అవతలికి పోయింది. జగన్నాథ వసారాలో వక్కలు చీలుస్తున్నాడు. చెప్పిందంతా విన్నాడు. తల ఊపాడు.

"నీ మాట నిజమే అమ్మణీ. నీళ్ళు ఒస్తాండాది. కానీ నాది కాదు. వాడు పారించేది చూసినావా? తోటా, చెరువా అది?"

"రెండూ ఆపుదాం బావా."

"ముందు వాణ్ణి ఆపమను."

నాచ్చియార్ కంచె దగ్గర నిలబడింది. అటొకరు, ఇటొకరు. ఇద్దరికీ ఒకే ముక్కు, ఒకే మొండితనం. కోపం రావాలి. నవ్వొచ్చింది.

"సరి," అని గట్టిగా, ఇద్దరికీ వినిపించేట్టు అంది. "ఎవరి నీళ్ళో చూద్దామా? రేపు బావ కాలవలో ఎర్రరంగు పోస్తాను. ఈయన కాలవలో నీలిరంగు. గట్టులో ఏ రంగు ఒస్తే వాళ్ళు మోటారు ఆపేది. సమ్మతమా?"

"సమ్మతం!" అటు నుంచి.

"సమ్మతం!" ఇటు నుంచి.

ఒకే గొంతులా వినిపించింది. ఇద్దరూ అంత సంతోషంగా ఒప్పుకున్న విషయం తొమ్మిదేళ్ళలో ఇదొక్కటే. ఎందుకంటే ఇద్దరికీ అవతలివాడి రంగే వస్తుందని పూర్తి నమ్మకం.

*

శుక్రవారం పొద్దున ఆరింటికి జానకమ్మాళ్ పెళ్ళిళ్ళకి వాడే పెద్ద ఇత్తడి గుండిగ బయటికి తీయించింది. పసుపూ సున్నమూ కలిపి ఆరతి నీళ్ళు చేసింది. పెండ్లికొడుక్కి దిష్టి తీసేంత ఎరుపు.

"ఇన్ని ఆరతి నీళ్ళు నీ పెండ్లికి కూడా కలపలేదురా," అంటూ పెద్దకొడుకు కాలవలో గుమ్మరించింది. "పాదాలు బాగా తడవనియ్యి. మీ నాయన ఈ చెట్ల పాదం ఒక్క దినం ఆరనియ్యలేదు."

"శనివారం తప్ప," అంది నాచ్చియార్.

"శనివారం ఆయనకీ మనసు ఆగేది కాదు. చెంబుతో పోసేవాడు."

పన్నెండింటికి తమ్ముడి కాలవలో బట్టల నీలిమందు, నాలుగు సీసాలు.

మధ్యాహ్నానికి ఊరంతా ఇసుకలో చేరింది. కుట్టు షెడ్డు ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలతో దిగారు. జానకమ్మాళ్ తన కుర్చీలో, అది దిగిన చోటే, గొడుగు కింద కూర్చుంది. అన్నదమ్ములు చెరో పక్క. అందరి కళ్ళూ గోడలోని కన్నం మీదే.

ఒంటిగంట. మట్టిరంగు నీళ్ళు.

రెండు. మట్టిరంగు నీళ్ళే.

"ఎర్రది పోసి ఎనిమిది గంటలాయె," జగన్నాథ ఎవరితోనూ కాకుండా అన్నాడు. "రాలేదు. రాదు. నాది కాదని నిన్ననే చెప్తిని."

పెరుమాళ్‌సామి పళ్ళు కొరికాడు.

మూడు అవుతుండగా కృత్తిక లేచి నిలబడింది. "అక్కా! అదో!"

కన్నం అంచున ఒక గీత. తాంబూలం వేసుకున్న నోట్లో నుంచి కారినట్టు, ఎర్రగా.

పెరుమాళ్‌సామి ఇసుకలో ఎగిరాడు. యాభై ఏళ్ళ మనిషి, రెండు చేతులూ పైకెత్తి. "ఒచ్చె! ఒచ్చె! ఎవురిదో చూసుకోమని చెప్పు మా!"

జగన్నాథ ముఖం చిన్నదైపోయింది. తల వంచి, కండువా దులిపి, మెట్ల వైపు నడిచాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో వెనక ఆడవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు.

తిరిగి చూశాడు. ఎర్రగీత పక్కన ఇంకో గీత దిగుతోంది. నీలం. రెండూ కలిసిన చోట నుంచి కింది దాకా ఒడ్డంతా వంకాయ రంగు.

పెరుమాళ్‌సామి చేతులు ఇంకా పైనే ఉన్నాయి. దించడం మర్చిపోయాడు.

"నీదీ ఉండాదిరా," అన్నాడు జగన్నాథ.

"నీది ముందు ఒచ్చెనన్నా."

"నాది ఆరు గంటలు ముందు పోసిరి. నీది మూడు గంటల్లో ఒచ్చె. ఎవురిది ఎక్కువ ఓటి?"

ఇద్దరూ నేరుగా మాట్లాడుకున్నారని ముందు కనిపెట్టింది జానకమ్మాళ్. ఆవిడ కళ్ళు తుడుచుకుని, వెంటనే గొంతు పెంచింది.

"టెలిఫోన్ పని తప్పె నాకు. ఇంక ఇద్దరూ ఫీజులు పీకి నా చేతికియ్యండి!"

సాయంత్రం బావి దగ్గర, ఇద్దరి కరెంటు మీటర్ల ఫీజు ముక్కలూ పీకి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ చీర కొంగున ముడివేసుకుని, ముడిని బొడ్లో దోపుకుంది. సోమవారం వ్యాను పోయేదాకా ఇద్దరూ వంతు పోగొట్టుకోనట్టే అని హరిహరన్ సాక్షి సంతకం కూడా పెట్టాడు. ఆ కాగితం ఏ కోర్టులోనూ చెల్లదు. ఎవరూ అడగలేదు.

శనివారం పొద్దున టేపు ఇరవై ఆరు చూపింది. ఆదివారం ఇరవై ఆరు.

సోమవారం పొద్దున కూడా ఇరవై ఆరు.

*

పది గంటలకు వ్యాను ఒడ్డు మొదట్లో ఆగింది. డ్రైవరు పాండి తల బయటపెట్టి, రోడ్డునీ లోయనీ చూసి, దేవుడికి దండం పెట్టుకున్నాడు.

"అక్కా, ఇది రోడ్డా, సర్కస్ తాడా?"

"సుమ్మా రా పాండీ. రెండు ఇంచిలు ఎక్కువే ఉండాది."

హరిహరన్ ముందు నడిచాడు, వెనక్కి అడుగులు వేస్తూ, చేతులు ఊపుతూ. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు లోపలి పక్క వ్యానుతో పాటు నడిచారు, పెండ్లి ఊరేగింపు లాగా. కృత్తిక ఈల వేసింది. వ్యాను ఒడ్డు దాటి షెడ్డు ముందు ఆగగానే చప్పట్లు. కొత్త మూటలు దిగాయి. నాలుగు వేల బనీన్లు ఎక్కాయి. పాండి తలుపు వేసి, ఇంజను స్టార్టు చేశాడు.

అప్పుడే, గట్టు చూడ్డానికి దిగిన హరిహరన్ అరుపు, కింద ఇసుకలో నుంచి.

"అక్కా! నీళ్ళు!"

నాచ్చియార్ ఒడ్డుకి పరుగెత్తింది. కన్నంలో నుంచి నీళ్ళు దూకుతున్నాయి. ఎరుపు కాదు, నీలం కాదు. తేటగా.

"ఎవురు వేసిరి మోటారు?" పెరుమాళ్‌సామి అన్న వైపు చూశాడు.

"నేను ఇక్కడే నీ పక్కన ఉండానే! నువ్వు?"

"ఫీజు అమ్మ దగ్గర ఉండాది కదా!"

అందరూ జానకమ్మాళ్ వైపు తిరిగారు.

ఆవిడ నెమ్మదిగా కొంగు వెనక్కి లాక్కుంది. నాచ్చియార్ ఆవిడ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. అత్తగారు బొడ్లో నుంచి ముడి తీసి కోడలి అరచేతిలో పెట్టింది. నాచ్చియార్ విప్పింది.

రెండు వక్కలు.

"నిన్న పొద్దుగూకేటప్పుడు తోటలోకి పోతిని," జానకమ్మాళ్ గొంతు తగ్గింది. "ఆకులు వాలిపోయి ఉండె. ఆయన చేత్తో నాటినవి. చూడలేకపోతిని. తెల్లారుజామున లేచి ఒక్క గంట అని వేస్తిని. తరువాత నిద్రపోతిని."

జగన్నాథ అమ్మ వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. పెరుమాళ్‌సామి బావి వైపు పరుగెత్తాడు.

అతను సగం దూరం పోయాడో లేదో, నేల మెత్తగా, తలుపు మూసినట్టు, ఒక్క చప్పుడు చేసింది. ఒడ్డు మీద దుమ్ము లేచింది.

దుమ్ము తగ్గాక నాచ్చియార్ మోకాళ్ళ మీద కూర్చుని టేపు పరిచింది.

"పంతొమ్మిది," అంది.

హరిహరన్ దుమ్ములోంచి మెట్లెక్కి వచ్చాడు. జీపు దగ్గరికి పోయి, అడ్డుకంచె దింపి, రోడ్డుకి అడ్డంగా నిలబెట్టాడు. ఈ పక్క వ్యాను. దాని నిండా బనీన్లు. ఆ పక్క తిరుప్పూరు.

పాండి ఇంజను ఆపి దిగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"అక్కా, మధ్యాన్నం సాపాడు ఏమి?"

కృత్తిక పక్కున నవ్వింది. ఆ నవ్వుకి మరో నలుగురు నవ్వారు. జానకమ్మాళ్ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాచ్చియార్ నవ్వలేదు. ఆవిడ వ్యాను వెనక నిలబడి, టేపుని అడ్డంగా పట్టి కొలుస్తోంది. ఆరు అడుగులకి కొంచెం తక్కువ. టేపు చుట్టి, నేరుగా తోటల నడుమకి నడిచింది. ముళ్ళకంచెకి ఇటు చెట్టు నుంచి అటు చెట్టు దాకా టేపు పరిచింది.

ఎనిమిది అడుగులు. నేరుగా మేటి రోడ్డు దాకా.

నడుమ రాతికంబాలు. ముప్ఫై రెండు.

"బావా, ఇటు రాండి," అని పిలిచింది. "ఏనుంగ, మీరూ."

ఇద్దరూ వచ్చారు. ఆవిడ ఏమి కొలిచిందో చూశారు. ఎందుకు కొలిచిందో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

"సెంథిల్ నాలుగు గంటల దాకా చూస్తాడు," అంది నాచ్చియార్. "నాలుగు దాటితే వచ్చే వారం మూటలు వేరే ఊరికే. కంచె పీకుతారా, నా మిషన్లు పీకుతారా?"

"అది సరి," జగన్నాథ గొంతు సవరించుకున్నాడు. "కానీ ముందు ఎవురు పీకేది?"

"ఎవురు పాతిరో వాళ్ళు," అన్నాడు పెరుమాళ్‌సామి.

"మొదటి కంబం నువ్వు పాతితివి."

"నువ్వు గుంత తవ్విన తరువాత!"

వెనక పద్దెనిమిది మంది ఆడవాళ్ళూ, పాండీ, హరిహరనూ చూస్తున్నారు. జానకమ్మాళ్ తన ఎర్ర కుర్చీ తెప్పించుకుని సరిగ్గా కంచె ఎదురుగా వేయించుకుంది.

"ఇప్పుడు నేను ఏమీ చెప్పను," అంది. "టెలిఫోన్ పని మానేస్తిని."

అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు. తరువాత, ఎవరు ముందు కదిలారో ఎవరికీ తెలియకుండా, ఇద్దరి చేతులూ ఒకే రాతికంబం మీద పడ్డాయి.

పీకడానికో, పట్టుకుని ఆపడానికో, నాచ్చియార్‌కి ఇంకా తెలియలేదు.